శనివారం బిళ్ళలు

జూలై 6, ఆదివారం

నీళ్ళ జబ్బు అన్నారు నాకు. ఏడేళ్ళయింది. మర్చిపోలేదు. మర్చిపోను.

ఆ రోజు గుంటూరు ఆసుపత్రిలో డాక్టరు నన్ను బయట బల్ల మీద కూర్చోమన్నాడు. నా కూతురు సుజాతను లోపలికి పిలిచాడు. జబ్బు నాది. నొప్పి నాది. మాట మాత్రం కూతురితో. చాలాసేపటికి బయటికి వచ్చింది. కళ్ళు తుడుచుకునే వచ్చింది, నాకు తెలియదనుకుంది.

"మన పక్క నీళ్ళల్లో ఫ్లోరిన్ గదా నాయనా. ఎముకలు దెబ్బతిన్నాయంట. నీళ్ళు మార్చాలంట."

నమ్మాను. ఎందుకు నమ్మను? ముప్పై ఏళ్ళు బోరింగు మెకానిక్కుగా చేశాను. హనుమంతునిపాడు, వెలిగండ్ల పక్క నేను ఊడదీసి బిగించని బోరింగు లేదు. ఆ నీళ్ళు తాగి నడుములు వంగిన వాళ్ళ మధ్యే తిరిగాను. నీళ్ళు చెడ్డవని తేలిన బోరింగుకు ఎర్ర రంగు వేసింది ఈ చేత్తోనే. అందుకే నమ్మాను. సంవత్సరం పాటు క్యాను నీళ్ళే తాగాను. పెళ్ళికి పోయినా సీసా చంకలో పెట్టుకుని పోయాను. ఎవరి ఇంట్లోనూ మజ్జిగ ముట్టలేదు. ఎముకల సూది అంటే ఎముకల సూదే అనుకుని వేయించుకున్నాను.

చివరికి పక్క మంచం ముసలాయన చెప్పాడు. "ఈ వార్డు వార్డంతా ఒకటే జబ్బు పెద్దాయనా. ఎముక మూలుగలో క్యాన్సరు." నవ్వుతూ చెప్పాడు.

అందరికీ తెలుసు. మా వాళ్ళకు, అల్లుడికి, అల్లుడి తమ్ముడికి. నాకు తప్ప. నేను మాత్రం సీసా పట్టుకుని తిరిగాను...

జూలై 7, సోమవారం

నడుము. మధ్యాహ్నం దాకా లేవలేదు.

జూలై 8, మంగళవారం

పరీక్షకు రక్తం ఇచ్చి వచ్చాను. ఎల్లుండి గుంటూరు.

దారిలో ఖాసిం టీ అంగడి. బోరింగు పనిలో ఇరవై ఏళ్ళు నాతో పైపులు మోసిన వాడు. నోరు ఊరుకోదు.

"ఏంది మామా, నెలనెలా పొట్టలో సూది ఏయించుకుంటాండావు. కాన్పు ఎప్పుడంట?"

"నీకు తెలీకుండా కంటానా. నీళ్ళు కాగబెట్టి పెట్టుకో."

పోయిన కార్తీకంలో జబ్బు తిరగబెట్టింది. అప్పటినుంచి ఈ కొత్త డాక్టరమ్మ. ఈమె నాతో కూడా మాట్లాడుతుంది... సగం. మూడు రకాల మందులు కలిపి ఇస్తుంది. పొట్ట తోలు కింద సూది. రోజూ ఒక క్యాప్సూలు, మూడు వారాలు వేసి ఒక వారం ఆపాలి. శనివారం తెల్ల బిళ్ళలు అయిదు, ఒకేసారి.

మొదటి రోజు చెప్పింది. "మీ ఒంట్లోనే కాపలా కాసే కణాలు ఉంటాయి తాతగారూ. జబ్బు కణం వాటికి కనపడకుండా దాక్కుంటుంది. ఈ సూది పోయి జబ్బు కణానికి గుర్తు పెడుతుంది. క్యాప్సూలు కాపలా వాళ్ళను నిద్ర లేపుతుంది. తెల్ల బిళ్ళ వీళ్ళిద్దరికీ తోడు."

నాకు అర్థమైంది. ఎర్ర రంగు వేయడమే. కానీ ఎర్ర రంగు వేసిన బోరింగు నీళ్ళే జనం తాగారు, వేరే నీళ్ళు లేక. అది ఆమెకు చెప్పలేదు.

ఒకటి మాత్రం గొప్పగా రాసుకోవాలి. మొదట్లో ఆ తెల్ల బిళ్ళలు వేసిన రోజు నేను మనిషిని కాదు. ఒంటి మీద చీమలు పాకినట్టు ఉండేది. కంచం విసిరాను. నా భార్య నాగమ్మను అనరాని మాట అన్నాను. ఉగాది తర్వాత అది పోయింది. శనివారం కూడా నిమ్మళంగా ఉంటున్నాను. మనసు గట్టి చేసుకున్నాను. గట్టి చేసుకుంటే బిళ్ళ ఏం చేస్తుంది?

జూలై 10, గురువారం

గుంటూరు పోయి వచ్చాం. నేను, నాగమ్మ, సుజాత. సుజాత గిద్దలూరులో ఎక్కింది, మేం మార్కాపురం రోడ్డులో అదే బండి ఎక్కాం.

డాక్టరమ్మ కాగితం చూసింది. సుజాత వైపు చూసింది. "తాతగారూ, కాస్త బయట..."

"లేవను. చెప్పేదేందో నా మొగం మీద చెప్పు తల్లీ."

చెప్పింది. వరసగా మూడోసారి రక్తంలో జబ్బు నంబరు పెరిగిందట. మొదట బాగా దిగింది, ఇప్పుడు ఎక్కుతోంది. ఈ మందులు పని చేయడం ఆగిపోయిందట.

ఇంకొక సూది ఉందట. ఒక చేత్తో కాపలా కణాన్ని, ఒక చేత్తో జబ్బు కణాన్ని పట్టుకుని రెంటినీ కలిపి కడుతుందట. మొదట ఆసుపత్రిలో ఉండి వేయించుకోవాలి. జ్వరం రావచ్చు, బీపీ పడిపోవచ్చు, మాట తడబడవచ్చు. నా వయసుకు, నా కిడ్నీలకు తట్టుకుంటానో లేదో. లేకపోతే నొప్పికి బిళ్ళలు ఇస్తుంది, ఇంటి దగ్గర ఉండొచ్చు.

"ఎంత కాలం?"

కంప్యూటరు వైపు చూసింది. "అలా లెక్క చెప్పలేం తాతగారూ. ఇరవై ఎనిమిదిన మంచం ఖాళీ అవుతుంది. ఆలోచించుకోండి."

తిరుగు బండి. సుజాత అవతల కిటికీ దగ్గర, కళ్ళు మూసుకుని. వినుకొండ దాటింది. నాగమ్మ నా పక్కన కొంగు ముడి వేస్తోంది, విప్పుతోంది.

"ఏమయ్యా... ఆ శనివారం బిళ్ళలు నేను ఇయ్యలే."

"ఏ బిళ్ళలు?"

"తెల్లవి. అయిదు. ఉగాది నుంచి ఇయ్యలే."

ఆమె వైపు తిరిగాను.

"ఎందుకియ్యలే?"

"కంచం ఇసిరినావు. ఆ మాట అన్నావు. ఇన్నేళ్ళ కాపురంలో ఒక్కనాడూ అనలే. అన్నది నువ్వు గాదు, బిళ్ళ అనుకున్నా. శనివారం నీకు ఒక్కపొద్దు గదా. ఉపాసం ఉన్న నోట్లో నుంచి అట్లాంటి మాటలొస్తే సామి ఊరుకుంటాడా అని భయపడినా. సూది ఉండాది, క్యాప్సూలు ఉండాది, అయిదు బిళ్ళలకు ఏమవుతాదిలే అనుకున్నా..."

డాక్టరమ్మ మొదటే చెప్పింది, ఆ బిళ్ళలు పొద్దున టిఫిను తిని వేసుకోవాలని. శనివారం నేను పొద్దున తినను. నలభై ఏళ్ళుగా చెన్నకేశవస్వామికి ఒక్కపొద్దు, సాయంత్రం ఒకటే భోజనం. వారం మార్చమని అడిగితే సరిపోయేది. అడగనివ్వలేదు నేను. "డాక్టరమ్మ చెప్పిందని సామి వారం పోగొట్టుకుంటానా" అన్నాను. సాయంత్రం అన్నం తిన్నాక నాగమ్మ గుప్పెడు బిళ్ళలు చేతిలో పోస్తుంది. చూడకుండా నోట్లో వేసుకుంటాను. చూడటం నాకు నామోషీ. ఇంగ్లీషు అక్షరాలు, నేనేం చదవాలి?

అంటే నా మనసు గట్టిపడలేదు. బిళ్ళలు పడలేదు, అంతే.

కురిచేడు వచ్చింది. అప్పుడు ఒకటే చెప్పాను. "సుజాతకు చెప్పొద్దు."

జూలై 11, శుక్రవారం

ట్రంకుపెట్టెలో చీరల కింద నుంచి తీసి మంచం మీద పోసింది. షీట్లు, షీట్లు. ఒకటీ చింపలేదు. పారేయడానికి కూడా చేతులు రాలేదట, మందు కదా అని.

బోరింగులో నీళ్ళు రాకపోతే ఊరంతా ఒకటే మాట అంటుంది, బోరు ఎండిందని. నేను ఎప్పుడూ ఒప్పుకోలేదు. ముందు పైపులు లాగండి అనేవాణ్ణి. హ్యాండిలు విప్పి, రాడ్లు పైకి తీసి, అడుగున సిలిండరు విప్పి చూస్తే చాలాసార్లు లోపల తోలు వాషరు అరిగి ఉండేది. వాషరు మార్చి కొడితే నీళ్ళు. జనం చప్పట్లు.

కొన్నిసార్లు అన్నీ బాగానే ఉండేవి. వాషరు బాగుంది, సిలిండరు బాగుంది. అడుగున నీళ్ళే లేవు. ఆ రోజు ఎవ్వరి మొహం చూడకుండా తాడు చుట్టుకునేవాళ్ళం.

నాకు తెలియాల్సింది నాది ఏ రోజో, వాషరు అరిగిన రోజో, నీళ్ళే లేని రోజో.

జూలై 12, శనివారం

నలభై ఏళ్ళలో మొదటిసారి శనివారం పొద్దున తిన్నాను. ఖాసిం దగ్గర రెండు ఇడ్లీ.

"మామా, శనివారం ఇడ్లీనా! సామికి లీవు లెటరు పెట్టినావా?"

"పెట్టినా. సంతకం నువ్వే చెయ్యి."

"నేను చేస్తే మీ సామి ఒప్పుకుంటాడా?"

"మా సామికి నీ టీ తెలుసు. భయపడి ఒప్పుకుంటాడు."

ఇంటికి వచ్చి అయిదు బిళ్ళలు నేనే చింపి వేసుకున్నాను. నాగమ్మ ఇటు చూడలేదు. మధ్యాహ్నానికి మొహం వేడి. చీమలు. నాలుక చివర దాకా మాటలు. చెప్పులు వేసుకుని బయటికి పోయాను. అంగడి బల్ల మీద సాయంత్రం దాకా కూర్చున్నాను. ఖాసిం ఏమీ అడగలేదు. అప్పుడప్పుడు నీళ్ళ గ్లాసు పెట్టి పోయాడు.

జూలై 13, ఆదివారం

నాగమ్మ నిన్న తినలేదు. నాతోపాటు తనకూ ఒక్కపొద్దే కదా అనుకున్నాను. ఈ రోజు ఆదివారం. ఈ రోజూ తినలేదు.

జూలై 14, సోమవారం

సుజాతకు ఫోన్ చేశాను. ఉగాది నుంచి తెల్ల బిళ్ళలు ఉమ్మేశాను, నేనే, మీ అమ్మ చూడకుండా, అని చెప్పాను. అబద్ధం చెప్పడం కష్టం కాలేదు. నా గురించి ఇలాంటిది ఎవరైనా నమ్ముతారు.

పెట్టేసే ముందు ఒక మాట అంది. "ఏం మనిషివి నాయనా నువ్వు."

జూలై 15, మంగళవారం

సుజాత వచ్చింది. పాఠాలు చెప్పే బడికి సెలవు పెట్టి వచ్చింది. చెప్పులు విప్పకుండానే మొదలు పెట్టింది.

"ఏడేళ్ళు తిరిగినా నీ ఎంబడి. సెలవులన్నీ నీకే అయిపోయినాయి. బిళ్ళ మింగేదానికి కూడా పౌరుషమేనా నాయనా?"

"అవును."

"అవునంట! వింటాండావా అమ్మా?"

నాగమ్మ గోడ వైపు తిరిగి చేటలో బియ్యం చూస్తోంది. రాళ్ళు లేని బియ్యం. నోరు తెరవబోయింది. నేను దగ్గాను. మూసుకుంది. చేట కింద పెట్టి పెరట్లోకి పోయింది.

అప్పుడు నాకు పాత కోపం వచ్చింది. "నువ్వు చెప్పలేదా నీళ్ళ జబ్బని? ఏడాది పాటు నాకు క్యాను నీళ్ళు తాపలేదా?"

సుజాత మొహం పాలిపోయింది. "నువ్వు భయపడతావని చెప్పలే."

"భయపడేది నేను గదా. పడనియ్యి."

ఏడ్చింది. అన్నం పెట్టుకుని నాకు కూడా పెట్టింది. ఇద్దరం తిన్నాం. నాగమ్మ పెరట్లో గిన్నెలు తోముతూనే ఉంది, తోమినవే మళ్ళీ.

జూలై 17, గురువారం

సుజాత డాక్టరమ్మకు ఫోన్ చేసింది. వాకిట్లో అటూ ఇటూ తిరుగుతూ. నేను మంచం మీద నుంచి చూస్తున్నా. "ఊఁ... ఊఁ మేడమ్... అలాగా... అవును, మొండి మనిషి మేడమ్..."

లోపలికి వచ్చింది. "చూద్దాం అన్నారు నాయనా. బిళ్ళలు ఆపొద్దన్నారు, శనివారం కాకుంటే ఇంకో రోజు ఏసుకోవచ్చంట. ఇరవై ఎనిమిదిన మాత్రం అడ్మిట్ కావాల్సిందేనంట."

"నేను అడగమన్నది అడిగినావా? ఆ బిళ్ళలు పడింటే ఇట్ల అయ్యేది గాదా అని?"

"అడిగినా."

"ఏమనింది?"

"అట్ల చెప్పలేమన్నారు."

చెప్పలేరా? చెప్పరా? సుజాత మొహం ఏడేళ్ళ కింద ఆసుపత్రిలో తలుపు తెరుచుకుని బయటికి వచ్చిన మొహమే. సాయంత్రం బండికి పోయింది.

జూలై 18, శుక్రవారం

నాగమ్మ రెండు ముద్దలు. మూడోది చేతిలో పట్టుకుని కూర్చుంది, ఎండిపోయే దాకా.

జూలై 19, శనివారం

మళ్ళీ పొద్దున తిన్నాను. వారం మార్చుకోవచ్చు అన్నారు కానీ నాకు ఇప్పుడు మార్చుకోవాలని లేదు. తినేశాక ఇంక ఏ వారమైతే ఏంటి.

అయిదు బిళ్ళలు. ఈసారి బయటికి పోలేకపోయాను, కాలు సాగలేదు. పదకొండుకు బకెట్టును తన్నాను. నీళ్ళు ఇల్లంతా. నాగమ్మ వచ్చి బకెట్టు నిలబెట్టింది. గుడ్డ తెచ్చి తుడిచింది. నా కాళ్ళ దగ్గర కూర్చుని తల ఎత్తి చూసింది.

"తిట్టు. ఇంకా తిట్టు. నాకు బాగుంటాది."

భయమేసింది. గుంటూరులో నంబరు విన్నప్పుడు వేయలేదు. ఇప్పుడు వేసింది.

జూలై 20, ఆదివారం

కుడి తుంటి. కూర్చుంటే మునుపు తగ్గేది, ఇప్పుడు కూర్చున్నా అంతే. పంచె కట్టుకోవడానికి గోడ కావాలి.

రెండు శనివారాలు వేసుకున్నాను, ఒంట్లో ఏ మార్పూ లేదు. రెండు వారాలకే రాదేమో. రాదనే నాకు అనిపిస్తోంది. నా పనిలో ముప్పై ఏళ్ళు. హ్యాండిలు పట్టుకుంటే చేతికి తెలిసేది, అడుగున ఏమైనా ఉందో లేదో.

పోతాను, పోనీ. డెబ్భై నాలుగు. పోయేవాణ్ణే. కానీ ఆమె నా వెనక మిగలాలి. ఎలా మిగులుతుంది? ఈ రోజు నేను అన్నం కలిపి ముద్ద నోటి దగ్గర పెట్టాను. జీవితంలో చేయని పని. అలవాటు లేక సగం చీర మీద పడింది.

"నేనే చంపుకున్నా నిన్ను" అంది. మెల్లగా అంది, కూర ధర చెప్పినట్టు.

"జబ్బు చంపుతుంది. నువ్వు గాదు."

"నీకెట్ల తెలుసు?"

నాకెలా తెలుసు? నాకు తెలియదు. మూడో తరగతి చదివిన వాణ్ణి. నేను కాదు అన్నా ఆమె నమ్మదు. చదివిన వాళ్ళు చెప్పాలి. తెల్లకోటు వేసుకున్న వాళ్ళు చెప్పాలి. వాళ్ళేమో చూద్దాం అంటారు.

జూలై 21, సోమవారం

డాక్టరమ్మకు ఉత్తరం. ముందు ఇక్కడ రాసి చూసుకుని తర్వాత మంచి కాగితం మీద ఎక్కిస్తాను. ఫైలు మీద ఉన్న నంబరుకు ఖాసిం ఫోటో తీసి పంపుతానన్నాడు. చదవనని ఒట్టు వేశాడు. చదువుతాడు. చదవనీ.

డాక్టరమ్మకు.

నేను బిళ్ళలు ఉమ్మేశానని నా కూతురు నీకు చెప్పింది. అది తనకు నేను చెప్పిన అబద్ధం. నా భార్య ఇవ్వలేదు. మంచికే ఇవ్వలేదు. నేను ఆమెను తిట్టినందుకు, నా శనివారం చెడకూడదని. తప్పు సగం నాది, వారం మార్చమని అడగనివ్వలేదు. ఇది నా కూతురికి తెలియకూడదు. నీకూ నాకూ మధ్యనే ఉండాలి.

నేను అడిగేది ఒకటే. ఉగాది నుంచి ఆ అయిదు బిళ్ళలు వారం వారం పడి ఉంటే నీ సూది పని చేసేదా? అవునా, కాదా? చూద్దాం అనొద్దు. అలా చెప్పలేం అనొద్దు. ఏడేళ్ళు విన్నాను ఆ మాటలు. నీకు నిజంగా తెలియకపోతే, మాకు తెలియదు అని ఆ మాటే చెప్పు. అది కూడా మాటే.

నా కూతురికి ఫోన్ చేయొద్దు. నాకు చెయ్యి.

కాదు అయితే, జబ్బు ఎలాగూ ఇలాగే పెరిగేది అయితే, నాతో మాట్లాడొద్దు. ఫోను మా నాగమ్మకు ఇస్తాను. ఆమెతో చెప్పు. గట్టిగా చెప్పు, కుడి చెవి వినపడదు. ఆమె మళ్ళీ మళ్ళీ అడుగుతుంది. అడిగినన్నిసార్లు చెప్పు.

అవును అయితే నాకు ఒక్కడికే చెప్పు. నేను ఆమెకు ఇంకొకటి చెప్పుకుంటాను.

తొమ్మిది రోజుల నుంచి ఆమె సరిగా అన్నం తినలేదు. నాకు మందు ఇచ్చే డాక్టరువు నువ్వు. ఇదీ నా మందే అనుకో.

గురువారం, ఇరవై నాలుగో తేదీ. పొద్దున్నుంచి ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటాను. సాయంత్రం నాలుగు దాకా. ఆ లోపల నువ్వు చెప్పకపోతే ఇరవై ఎనిమిదిన నేను బండి ఎక్కను. నా మంచం ఇంకొకరికి ఇచ్చుకో.